పసుపు, మెదడు, సీసం: విస్తరణ వేదికపై చెప్పవలసిన మాట

కిసాన్ మేళాలలో పసుపు రకాలను ప్రదర్శించే చోట ఈ మధ్య ఒక వాక్యం తరచుగా కనిపిస్తున్నది. పసుపు మెదడును కాపాడుతుంది, మతిమరుపును రానీయదు అన్నది దాని సారాంశం. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన తరువాత పసుపును ఆరోగ్యోత్పత్తిగా చూపి ధర పెంచుకోవాలన్న ఉత్సాహం అన్ని స్థాయిలలో పెరిగింది. ఆ ఉత్సాహం సమంజసమే. అయితే అదే వాక్యాన్ని పసుపు పొడి అమ్ముకొనే వ్యాపారి గోడపత్రికపై వ్రాయించడం ఒక సంగతి, విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రైతుల ముందు నిలబడి పలకడం మరొక సంగతి. రెండవదానికి సాక్ష్యం కావాలి. ఉన్న సాక్ష్యం ఎంతవరకు వస్తుంది, అది ఆగిపోయిన చోటి నుండి మన బాధ్యత ఎటు మళ్ళవలసి ఉన్నది అన్న విషయమై నా అభిప్రాయాన్ని విస్తరణ విభాగంలోని సహచరుల ముందు, విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

మొదట ఆ వాక్యం వెనుక ఉన్న శాస్త్రాన్ని చూద్దాం. అది తేలికగా తోసివేయదగినది కాదు. గాయమైనచోట వేడి, ఎరుపు, వాపు, నొప్పి రూపంలో శరీరం చూపే రక్షణ ప్రతిస్పందనను శోథం అంటారు. ఇన్‌ఫ్లమేషన్ అన్న మాట మనకు ఎక్కువ పరిచితం. మెదడులో ఈ పనిని ప్రధానంగా నిర్వహించేవి మైక్రోగ్లియా అనే కణాలు. ఇవి మెదడులోనే స్థిరపడి ఉండే రోగనిరోధక కణాలు. సూక్ష్మజీవి చొరబడినపుడు, నాడీకణం చనిపోయినపుడు, అమైలాయిడ్ వంటి మాంసకృత్తు పేరుకొన్నపుడు ఇవి మేల్కొని దానిని తొలగించే ప్రయత్నం చేస్తాయి. పని ముగిశాక శాంతించాలి. వయసు మీరిన మెదడులోను, ఆల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి వ్యాధులలోను అవి శాంతించవు. మంచెమీది కాపరి పిట్టలు ఎగిరిపోయిన తరువాత కూడ వడిసెల తిప్పుతూనే ఉంటే రాళ్ళు కంకులనే రాల్చినట్లు, మైక్రోగ్లియా విడుదల చేసే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలు పక్కనున్న ఆరోగ్యవంతమైన నాడీకణాలనే దెబ్బతీస్తాయి.

ఈ వడిసెలను ఆపగల మొక్క పదార్థాల కోసం మూడు దశాబ్దాలుగా అన్వేషణ సాగుతున్నది. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, తేయాకులోని కాటెచిన్లు, ఉల్లిలోని క్వెర్సిటిన్ ఈ జాబితాలోనివే. అన్నిటికంటె ఎక్కువగా పరిశోధింపబడినది మన పసుపులోని కర్క్యుమిన్. శోథానికి సంబంధించిన జన్యువులను ఒక్కసారిగా మేల్కొలిపే ఎన్ఎఫ్-కప్పా-బి అనే మాంసకృత్తును కర్క్యుమిన్ కేంద్రకంలోకి పోకుండ నిలుపగలదని 1990వ దశకం నుండి ప్రయోగశాలలు చూపుతున్నాయి. మరొకవైపు ఎన్ఆర్ఎఫ్-2 అనే మార్గాన్ని ప్రేరేపించి, కణం తన సొంత రక్షణ ఎంజైములను తయారుచేసికొనేట్లు చేస్తుంది. ఈ రెండవ అంశం వ్యవసాయ విద్యార్థికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించాలి. మొక్కలలోని ఇటువంటి పదార్థాలలో చాలావరకు తెగుళ్ళ నుండి, పురుగుల నుండి తమను తాము కాపాడుకొనడానికి ఉపకరించేవే. వాటిలో చాలా వాటిని మన కణం పోషకంగా స్వీకరించదు, పరాయి రసాయనంగా గుర్తిస్తుంది. ఆ గుర్తింపే కణంలోని రక్షణ యంత్రాంగాన్ని కదిలిస్తుంది. కాబట్టి మోతాదు ఎంత అన్న ప్రశ్న ఇక్కడ మొదటి ప్రశ్న అవుతుంది, చివరిది కాదు.

2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ బృందం ప్రచురించిన ఎలుకల ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ఆల్జీమర్స్ లక్షణాలు వచ్చేట్లు జన్యుమార్పిడి చేసిన ఎలుకలకు ఒక వర్గానికి ఆహారంలో 160 పీపీఎం, మరొక వర్గానికి 5000 పీపీఎం చొప్పున కర్క్యుమిన్ ఇచ్చారు. తక్కువ మోతాదు తిన్న ఎలుకల మెదడులో అమైలాయిడ్ భారం 43 నుండి 50 శాతం వరకు తగ్గింది, శోథ సూచికలూ తగ్గాయి. ఎక్కువ మోతాదు తిన్నవాటిలో అమైలాయిడ్ ఆ విధంగా తగ్గలేదు. ఎక్కువ తింటే ఎక్కువ మేలు అన్న లెక్క ఎలుకలోనే చెల్లలేదన్నమాట. ఈ ప్రయోగాన్ని ఉదహరించేవారిలో చాలామంది మొదటి సగం చెప్పి రెండవ సగం వదిలివేస్తారు.

కణం నుండి ఎలుకకు, ఎలుక నుండి మనిషికి వచ్చే దారిలో పెద్ద అగాధం ఉన్నది. దానిని అంకెలలో చూడడం మేలు. గాజుపాత్రలోని మైక్రోగ్లియాపై చేసే ప్రయోగాలలో సాధారణంగా 5 నుండి 20 మైక్రోమోలార్ గాఢతలో కర్క్యుమిన్ వాడుతారు. తైవాన్‌లో జరిపి 2001లో ప్రచురించిన మానవ అధ్యయనంలో రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ మింగినవారి రక్తంలో కనిపించిన గరిష్ఠ గాఢత సగటున 1.77 మైక్రోమోలార్. ఇక 8 గ్రాముల కర్క్యుమిన్ అంటే ఎంత పసుపు? 4 శాతం కర్క్యుమిన్ ఉన్న పొడి అనుకొంటే 200 గ్రాములు. మన వంటలో మనిషికి రోజుకు రెండు, మూడు గ్రాములకు మించి పడదు. అందులో ఉండేది 80 నుండి 120 మిల్లీగ్రాములు. రక్తంలో చేరినదంతా మెదడుకు చేరదు, మెదడు చుట్టూ ఉన్న రక్త-మెదడు అవరోధం మరొక గడప. పప్పులో వేసిన చిటికెడు పసుపుకు, గాజుపాత్రలో కణాలపై పోసిన కర్క్యుమిన్‌కు మధ్య ఉన్న దూరం ఇది.

దూరానికి కారణాలు కూడ తెలిసినవే. కర్క్యుమిన్ నీటిలో కరగదు. శరీరపు ఉష్ణోగ్రత వద్ద, పీహెచ్ 7.2 గల ద్రావణంలో ఉంచితే అరగంటలో 90 శాతం వరకు విచ్ఛిన్నమవుతుందని 1997లోనే నిరూపించారు. పేగు గోడలోను, కాలేయంలోను గ్లూకురోనైడ్, సల్ఫేట్ సమూహాలు తగిలి రూపు మారిపోతుంది. మిరియాలతో కలిపి తింటే సరిపోతుందని చెప్పేవారు ఆధారంగా చూపేది 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో జరిగిన పరిశోధన. 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించినపుడు లభ్యత 2000 శాతం పెరిగిందన్నది ఫలితం. అంకె ఘనంగానే ఉన్నది. కాని దాదాపు శూన్యం నుండి పెరిగిన అంకె అది. పెరుగుదల కనిపించినది కూడ మొదటి గంటలోనే. పైగా పైపరిన్ కాలేయపు విసర్జన యంత్రాంగాన్ని మందగింపజేసి ఈ పని సాధిస్తుంది. అదే యంత్రాంగం మీద ఆధారపడిన ఇతర ఔషధాలు వాడుతున్న వృద్ధుల విషయంలో దీనిని ఉచిత సలహాగా పంచిపెట్టరాదు.

విద్యార్థులు గమనించవలసిన అంశం ఇంకొకటి ఉన్నది. 2017లో నెల్సన్ తదితరులు ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో కర్క్యుమిన్‌పై సుదీర్ఘ సమీక్ష ప్రచురించారు. కర్క్యుమిన్ స్వయంగా కాంతిని వెదజల్లుతుంది, మాంసకృత్తులకు అడ్డదిడ్డంగా అతుక్కొంటుంది, లోహ అయాన్లను పట్టుకొంటుంది, కణత్వచాన్ని కలవరపరుస్తుంది. కాబట్టి పరీక్షలో ఏ లక్ష్యాన్ని ఎదురుగా పెట్టినా పనిచేసినట్లే కనిపిస్తుంది. నూటికి పైగా జరిగిన వైద్య పరీక్షలలో కఠిన నిబంధనలకు నిలిచి స్పష్టంగా సఫలమైనది ఒక్కటీ లేదని ఆ సమీక్ష తేల్చింది. దీనితో ఏకీభవించనివారు ఉన్నారు, వారి వాదనలోను పస ఉన్నది. విచ్ఛిన్నమైన భాగాలు, పేగులోని సూక్ష్మజీవులు మార్చిన రూపాలు పనిచేస్తూ ఉండవచ్చునని వారంటారు. అయినా, మొక్కల సారాన్ని తీసి యాంటీఆక్సిడెంట్ పరీక్ష ఒకటి చేసి, ‘నాడీ రక్షక గుణం గలది’ అని సిద్ధాంత వ్యాసం ముగించే అలవాటు మన విభాగాలలో పాతుకొని ఉన్నది. డీపీపీహెచ్ ద్రావణం రంగు కోల్పోవడానికి, వృద్ధుని మెదడులో నాడీకణం బ్రతకడానికి మధ్య ఎన్ని మెట్లున్నాయో మార్గదర్శకులు విద్యార్థిచేత లెక్కపెట్టించాలి.

మనుషులపై జరిగిన పరీక్షలు చిన్నవి. హాంకాంగ్‌లో 34 మంది ఆల్జీమర్స్ రోగులపై ఆరు నెలలు జరిపిన పరీక్ష 2008లో వెలువడింది. కాలిఫోర్నియాలో 36 మందిపై, రోజుకు 2 లేదా 4 గ్రాముల మోతాదుతో 24 వారాలు జరిపినది 2012లో వచ్చింది. రెండింటిలోను జ్ఞాపకశక్తికి మేలు కనిపించలేదు. 2018లో మళ్ళీ లాస్ ఏంజెలెస్ నుండే ఆశాజనకమైన ఫలితం వచ్చింది. మతిమరుపు వ్యాధి లేని 40 మందికి, సులభంగా జీర్ణమయ్యేట్లు తయారుచేసిన కర్క్యుమిన్‌ను 90 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 18 నెలలపాటు ఇవ్వగా జ్ఞాపకశక్తి పరీక్షలలో మెరుగుదల కనిపించింది. వ్యాధి ముదిరిన తరువాత కాక ముందుగా వాడితే ఫలితముండవచ్చునన్న ఆలోచనకు ఇది బలమిస్తుంది. కాని 40 మంది మాత్రమే. ఎరువుల మోతాదు సిఫారసు చేయడానికే మనం బహుళ ప్రాంతీయ పరీక్షలు, మూడు సీజన్ల దత్తాంశం అడుగుతాం. మెదడు విషయంలో అంతకంటె తక్కువతో తృప్తిపడడం వింతగా ఉన్నది.

భారతీయులు తరతరాలుగా పసుపు తింటున్నారు, అందుకే ఆల్జీమర్స్ తక్కువ అన్న వాదన వేదికలపై తప్పక వినిపిస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో భారత-అమెరికా శాస్త్రవేత్తలు 1990వ దశకంలో జరిపిన సర్వేలలో వ్యాధి చాలా తక్కువగా కనిపించిన మాట నిజం. ఆ అధ్యయనం పసుపును కొలవలేదు. ఆయుర్దాయం, చదువు, జన్యువులు, శారీరక శ్రమ, ముసలితనంలో మరుపు సహజమేనని కుటుంబం సరిపెట్టుకొనడం, ఇన్ని అంశాలు ఆ అంకె వెనుక ఉండవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో మతిమరుపు వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలవుతున్నదని 2013లో ప్రచురించినది. తెలుగుతోపాటు ఉర్దూ మాట్లాడడం వంటి, వంటింటితో సంబంధం లేని కారణం కూడ అంత తేడా తేగలదని దీనివలన తెలుస్తున్నది. ఇటీవలి జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో బ్రతుకుతున్నారు. వారందరూ పసుపు తిన్నవారే కదా!

ఇదంతా మన సంప్రదాయాన్ని తక్కువచేయడం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. నా దృష్టిలో కాదు. పసుపుతో గాయం మాన్పడంపై 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు లభించినపుడు, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 32 ప్రాచీన, ఆధునిక ఆధారాలను సమర్పించి 1997లో దానిని రద్దు చేయించింది. సంప్రదాయం గెలిచినది పత్రసహితమైన సాక్ష్యంతోనే. అలాగే మొక్క పదార్థం మెదడుపై పనిచేయదని కూడ ఎవరూ అనడం లేదు. మన పొలం గట్లపై పెరిగే దూలగొండి గింజల నుండి దామోదరన్, రామస్వామి 1937లోనే ఎల్-డోపాను వేరుచేశారు. ఆ పదార్థమే తరువాత పార్కిన్సన్స్ వ్యాధికి ప్రధాన ఔషధమైనది. స్నోడ్రాప్ జాతి పూలమొక్కలలో లభించే గాలంటమైన్ ఈనాడు ఆల్జీమర్స్ రోగులకు వాడుకలో ఉన్నది. ఇవి శోథాన్ని ఆపి పనిచేసేవి కావు, వీటి మార్గాలు వేరు. మోతాదు, శోషణ, దుష్ఫలితాలు కొలిచిన తరువాతనే ఇవి ఔషధాలయ్యాయి. కర్క్యుమిన్ ఇంకా ఆ దారిలో నడుస్తున్నది.

ఆహారంగా తినే పసుపుతో ఎలాగూ హాని లేదు కదా, చెప్పితే నష్టమేమి అన్నది ఆఖరి సమాధానం. వంటలో వాడే పసుపు విషయంలో అది నిజం. కాని మన మాట విన్న పెద్దమనిషి పసుపు డబ్బాతో ఆగడు, గాఢ కర్క్యుమిన్ గుళికల సీసా కొంటాడు. అటువంటి గుళికలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు 2019లో ఇటలీలో వరుసగా బయటపడ్డాయి. అమెరికాలోని ఔషధ కాలేయ హాని పరిశోధక బృందం 2022లో ఇటువంటి పది కేసులను వివరించింది. వారిలో ఏడుగురిలో ఒకే రకమైన రోగనిరోధక జన్యురూపం కనిపించింది. ఒకరు మరణించారు. ఇవి అరుదైన ఘటనలే, భయపెట్టడానికి చెప్పడం లేదు. నష్టమేమీ లేదన్న మాట మాత్రం ఇక చెల్లదు.

పసుపుకు, మెదడుకు సంబంధించి నిస్సందేహంగా తెలిసిన విషయం వేరే ఉన్నది. దానిని మనం వేదికలపై దాదాపు ప్రస్తావించడం లేదు. అదే సీసం.

లెడ్ క్రోమేట్ అనేది పెయింట్లలో వాడే మెరిసే పసుపు వర్ణకం. దాని బరువులో దాదాపు 64 శాతం సీసమే. కొమ్ములను పాలిష్ చేసేటపుడు కొద్దిగా చల్లితే ఎంత నల్లబడిన సరుకైనా బంగారు రంగు తేలుతుంది. సీసం నాడీ విషమన్న విషయంలో వైద్యశాస్త్రంలో రెండు అభిప్రాయాలు లేవు. ఇంతకంటె తక్కువైతే సురక్షితం అని చెప్పగల రక్తపు స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. పిల్లలలో తెలివితేటలు, ఏకాగ్రత తగ్గుతాయి, ఆ నష్టం తిరిగి పూడదు. జంతు ప్రయోగాలలో సీసం మైక్రోగ్లియాను రెచ్చగొట్టి మెదడులో శోథాన్ని పెంచుతున్నట్లు కూడ కనిపించింది. అంటే కర్క్యుమిన్ ఏ వడిసెలను ఆపుతుందని ఆశిస్తున్నామో, కల్తీ పసుపు దానినే చేతికిచ్చి పంపుతున్నది. మేలు సంభావ్యం, కీడు నిశ్చితం. రెండూ ఒకే పొట్లంలో ఇంటికి చేరవచ్చు.

బంగ్లాదేశ్ అనుభవాన్ని మన విద్యార్థులకు పాఠంగా చెప్పదగినంత విలువైనదిగా భావిస్తున్నాను. అక్కడి గ్రామీణ గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి కారణం వెదుకుతూ వెళ్ళిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ, ఢాకా పరిశోధకులు సీసపు ఐసోటోపులను పోల్చి చూసి పసుపును మూలంగా గుర్తించారు. 2019లో వెలువడిన వారి అధ్యయనం ఈ అలవాటు ఎలా మొదలైనదో కూడ అడిగి తెలిసికొన్నది. 1980వ దశకంలో వచ్చిన పెద్ద వరదలో పసుపు తడిసి రంగు మాసిపోయింది. మాసిన సరుకు అమ్ముకొనడానికి వర్ణకం పూయడం మొదలైంది. తరువాత వరద లేకున్నా అలవాటు మిగిలింది, కొనేవాని కన్ను ఆ మెరుపుకే అలవాటుపడింది. ఎండబెట్టడంలోని లోపం కల్తీగా, కల్తీ విపణి ప్రమాణంగా మారిన తీరు ఇది. మూలంలో ఉన్నది నేరబుద్ధి కంటె ముందు కోతానంతర సమస్య.

ముగింపు కూడ అంతే ఆసక్తికరం. ఆహార భద్రతా అధికారులు 2019లో టోకు మార్కెట్లకు చేతిలో పట్టుకొనే ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పరికరంతో వెళ్ళి అక్కడికక్కడే సరుకు పరీక్షించారు. కల్తీ తేలినవారికి సంచార న్యాయస్థానాలు వెంటనే జరిమానా విధించాయి. పత్రికలు, కరపత్రాలు విషయాన్ని ప్రతి మిల్లుకు చేర్చాయి. 2019లో మార్కెట్ నమూనాలలో 47 శాతంలో సీసం ఉండగా 2021 నాటికి అది సున్నాకు చేరింది. పాలిష్ మిల్లుల కార్మికుల రక్తంలో సీసం సగటున 30 శాతం మేరకు తగ్గింది. మెదడు రక్షణకు పసుపు ద్వారా జరిగిన మేలును ఇంత స్పష్టంగా కొలిచి చూపిన మరొక ఉదాహరణ నాకు తెలిసినంతలో లేదు. అది ఏ గుళిక వలన వచ్చినది కాదు.

మన పరిస్థితి? 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాలలోని 23 నగరాల నుండి 356 నమూనాలు సేకరించి పరీక్షించింది. సుమారు 14 శాతం నమూనాలలో సీసం గ్రాముకు 2 మైక్రోగ్రాములను మించింది. పట్నా, కరాచీ, పెషావర్ నగరాలలో 1000 మైక్రోగ్రాములు దాటిన సరుకు కూడ దొరికింది. ఇది మొత్తం దేశానికి వర్తించే అంచనా కాదు. మన నిజామాబాద్, దుగ్గిరాల, కడప సరుకుపై దీనిని ఆధారం చేసికొని నింద వేయడం అన్యాయం. పండించిన చేనికి, తినే పళ్ళేనికి మధ్య ఎన్నో చేతులు మారుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. రైతు యార్డుకు తెచ్చిన కొమ్ములో లేనిది, దూర నగరపు దుకాణంలో అమ్మే పొడిలోకి మధ్యలో ఎక్కడో చేరుతుంది. చెడ్డపేరు తిరిగి రైతుకే చేరుతుంది.

అందువలన విస్తరణ శాస్త్రవేత్త తన సమయాన్ని ఎక్కడ వెచ్చించాలన్న ప్రశ్నకు నా సమాధానం కోతానంతర దశ. ఇది మనకు బాగా తెలిసిన దశ, కొత్త పరిశోధన కోసం ఎదురుచూడనక్కరలేనిది. త్రవ్విన దుంపలను కొమ్ము, మండ వేరుచేసి విడివిడిగా ఉడికించాలి. 45 నిమిషాల నుండి గంటలోపు, నురుగు వచ్చి పసుపు వాసనతో కూడిన ఆవిరి లేచేవరకు ఉడికితే చాలు. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండిన కొమ్ము పెళుసుగా విరిగిపోతుంది. ఆవిరి బాయిలర్లు వచ్చిన గ్రామాలలో ఈ తేడా తగ్గింది గాని, బాడుగ బాయిలర్ వంతు కోసం త్రవ్విన దుంపలు రోజుల తరబడి కుప్పలో ఉండిపోయే చోట్ల కొత్త ఇబ్బంది వచ్చింది. ఎండబెట్టడం 10 నుండి 15 రోజుల పని. 5 నుండి 7 సెంటీమీటర్ల మందంలో పరచాలి. మరీ పలుచగా పరిస్తే పైరంగు చెడుతుంది. రాత్రులు కుప్పచేసి కప్పాలి. తేమ 10 శాతానికి దిగాలి. ఫిబ్రవరి, మార్చి నెలలలో అకాల వాన పడితే టార్పాలిన్ లేని కళ్ళంలో పంట రెండు గంటలలో మాసిపోతుంది. బంగ్లాదేశ్‌లో వరద చేసిన పనిని మన దగ్గర ఒక చిన్న జడివాన చేయగలదు. సిమెంటు కళ్ళం, టార్పాలిన్, సామూహిక బాయిలర్, ఇవి మెదడు ఆరోగ్య పథకాలుగా ఎవరికీ తోచవు. నాకు మాత్రం అలాగే తోస్తున్నాయి.

పాలిష్ దశపై మరింత శ్రద్ధ అవసరం. ఎండిన కొమ్ములను డ్రమ్ములో తిప్పి పైపొలుసు రాల్చిన తరువాత, రంగు కోసం పసుపు పొడినే నీటిలో కలిపి పట్టించే పద్ధతి సిఫారసులలో ఉన్నది. ఆ పనికి బయటి రంగు ఏదీ వాడరాదని, సంచిపై పేరు లేని పసుపుపచ్చ పొడిని మిల్లులోకి రానీయరాదని చెప్పడం మన శిక్షణలో ఒక పంక్తిగా మిగిలిపోతున్నది. మిల్లు కార్మికులకు, వారి పిల్లలకు మొదట హాని జరుగుతుందని చెప్పితే వినే తీరు వేరుగా ఉంటుంది. ఇంట్లో చేసే నీటి పరీక్షలు, ఆమ్ల పరీక్షలు మెటానిల్ పసుపు వంటి కరిగే రంగులను పట్టిస్తాయి గాని, సీసం లేదని నిర్ధారించడానికి వాటిని నమ్మరాదు. దానికి పరికరం కావాలి. రెండు రాష్ట్రాల ఉద్యాన విశ్వవిద్యాలయాలు, పసుపు బోర్డు కలిసి ప్రధాన యార్డులలో సీజన్ నడిచే నెలలలో ఒక్కొక్క ఎక్స్-రే పరికరాన్ని ఉంచడం అసాధ్యమైన ఖర్చు కాదు. ఫలితాలను లాట్ల వారీగా బోర్డుపై వ్రాయాలి.

అలా బహిరంగపరిస్తే పసుపు ధర పడిపోతుందన్న భయం సహజమే. కాని నేడు పడుతున్న ధరకు ఆధారమేమిటి? పాటదారు కన్ను. కొమ్ము పొడవు, బరువు, పైరంగు చూసి పాట పాడుతాడు. లోపలి కర్క్యుమిన్ ఎంతో ఆ పాటలో లేదు. 6 శాతానికి పైగా కర్క్యుమిన్ ఇవ్వగల ప్రతిభ, ప్రభ వంటి రకాలను భారత సుగంధద్రవ్య పరిశోధన సంస్థ ఎప్పుడో విడుదల చేసింది. అందులో సగమే ఇచ్చే సరుకు కూడ రంగు బాగుంటే అదే ధరకు పోతున్నపుడు రైతు కొత్త రకానికి ఎందుకు మారాలి? పైరంగుకు బహుమతి ఇచ్చే విపణి, రంగు పూసేవానికి కూడ బహుమతి ఇస్తుంది. కర్క్యుమిన్, తేమ, సీసం, ఈ మూడు అంకెలు లాటు పక్కన కనిపించిననాడు పైపూత వేయడానికి ప్రోత్సాహమే తగ్గుతుంది. ఔషధ, ఆహార కంపెనీలు చెల్లించే అదనపు ధర ఆ అంకెలకే గాని ‘మెదడును కాపాడును’ అన్న గోడవ్రాతకు కాదు. రకం ఒకటే అయినా నేల, ఎరువులు, కోత వయసు మారితే కర్క్యుమిన్ శాతం మారుతుంది. కాబట్టి ఆ అంకెను రకం పేరు మీద కాక లాటు మీద చూపాలి. విద్యార్థులకు మంచి సిద్ధాంత వ్యాసాంశాలు ఇక్కడ చాలినన్ని ఉన్నాయి.

ఇక మేళాలో రైతు అడిగే ప్రశ్న మిగిలింది. "సార్, రోజూ పసుపు తింటే మతిమరుపు రాదంట గదా?" అని అడిగితే ఏమనాలి? "కూరలో ఎప్పటిలాగే వాడండి పెద్దాయనా, మంచిదే. మతిమరుపు రాకుండ చేస్తుందని ఇంకా తేలలేదు, పరీక్షలు జరుగుతున్నాయి. గుళికలు కొనాలనుకొంటే ముందు డాక్టరును అడగండి. మీ ఇంట్లో పిల్లలకు వాడే పసుపు మాత్రం మీ చేనిదే దంచించుకోండి, పాలిష్‌కు పంపిన దానిలో నుండి తీయకండి" అంటే చాలు. ఆయన వెంటనే పాలిష్‌లో ఏమి కలుపుతారని అడుగుతాడు. అక్కడ మొదలుపెట్టవచ్చు మన పాఠం.